పదేళ్ళుగా నన్నెరిగిన కృష్ణమూర్తిగారు

నన్ను పదేళ్ళుగా ఎరుగుదునని కాగితం మీద రాసి సంతకం పెట్టిన కృష్ణమూర్తిగారిని నేను మొదటిసారి చూసింది 1988 జనవరి నెలాఖరులో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో, ఒక హైస్కూలు కెఫెటేరియాలో. ఆయన సంతకం పెట్టింది ఏప్రిల్‌లో. అంటే అప్పటికి మా పరిచయానికి మూడు నెలలు నిండాయి. తక్కిన తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలలూ ఆయన ప్రేమకొద్దీ కలిపినవి. ఆ ప్రేమ మా ఇంటికి ఏం చేసిందో చెబుతాను. అందులో నా చెయ్యి ఎంతుందో కూడా చెబుతాను, దాచుకుని ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

నా పేరు గోపాల్ అప్పలస్వామి. ఫిజీ దీవుల్లో బా అనే ఊళ్ళో పంతొమ్మిదేళ్ళు బడిపంతులుగా పనిచేశాను. లెక్కలూ తెలుగూ చెప్పేవాణ్ణి. ఫిజీలో తెలుగేమిటని అడగబోతున్నారు కదా. హెర్న్‌డన్‌లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది, అయినా ఇంకొక్కసారి చెబుతాను. మా తాత అప్పలస్వామి చోడవరం దగ్గర ఏదో పల్లె నుంచి వచ్చి 1908లో మద్రాసులో ఓడ ఎక్కాడు. చెరుకు తోటలో ఐదేళ్ళు పని చేస్తానని తనకు రాని ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఆ ఒప్పందాన్నే మావాళ్ళు గిర్మిట్ అంటారు. దిగాక గుమాస్తా ఆయన పేరు రాసుకున్నాడు కానీ ఇంటి పేరు అడగలేదు. అందుకని ఆయన పేరే మాకు ఇంటి పేరైంది. పల్లె పేరు మా నాన్న కాలానికే మరుగునపడింది. మిగిలింది భాష ఒక్కటే. దాని కోసం చెరుకు నరికి సంపాదించిన డబ్బుతో మావాళ్ళు బడి కట్టుకున్నారు.

ఇంగ్లీషువాడు 1970లో జెండా దించుకుని వెళుతూ ఓటర్లను మూడు జాబితాలుగా విడగొట్టి మరీ వెళ్ళాడు. ఫిజియనులు ఒకటి, ఇండియనులు ఒకటి, మిగతావారు ఒకటి. నేనూ, మా నాన్నా పుట్టింది ఆ దీవిలోనే. అయినా ఓటరు జాబితాలో మా పేరు పక్కన ఇండియన్ అనే ఉండేది. 1977లో ఇండియనుల పార్టీ గెలిచింది. గెలిచిన పెద్దమనుషులు నాయకుడెవరని తమలో తాము కొట్టుకుంటుండగానే గవర్నర్ జనరల్ ఓడిపోయిన ప్రధానిని పిలిచి మళ్ళీ కూర్చోబెట్టాడు. పదేళ్ళ తర్వాత, 1987 ఏప్రిల్‌లో, ఈసారి బుద్ధిగా ఉండాలని ఒక ఫిజియను డాక్టరును ముందు నిలబెట్టి రెండు జాతులూ కలిసిన ప్రభుత్వాన్ని ఓట్లతో తెచ్చుకున్నాం. అది నెల రోజులు బతికింది. మే పద్నాలుగున ముసుగులు వేసుకున్న సైనికులు పార్లమెంటులోకి వచ్చి మంత్రులను లారీలెక్కించి తీసుకుపోయారు. సెప్టెంబరులో రెండోసారి తిరగబడి, మిగిలిన కాస్త చట్టాన్నీ రద్దుచేశారు.

నేను టీచర్ల సంఘానికి మా ఊరి కార్యదర్శిని. ఎన్నికల్లో ఆ కూటమి తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. అంతకు మించి నేను చేసిన నేరం లేదు. రెండో తిరుగుబాటు తర్వాత నన్ను తీసుకుపోయి రెండు రోజులు మురుగు గుంటలో నడుం లోతు నీళ్ళలో నిలబెట్టారు. పైన కూర్చున్న సైనికుడు గంటకోసారి ఒకటే అడిగేవాడు, ఇండియాకి ఎప్పుడు పోతావని. నేను ఇండియా ఎన్నడూ చూడలేదని చెప్పాను. అతను నమ్మలేదు. మూడో రోజున ఇంటికి పంపిస్తూ మళ్ళీ పిలుస్తామన్నారు. ఆ పిలుపు రాకముందే, డిసెంబరులో, విజిటర్ వీసా మీద అమెరికా వచ్చి పడ్డాను.

నా భార్య రాధారాణి, పిల్లలిద్దరూ బాలోనే ఉండిపోయారు. శాంతికి పదిహేను, చిన్నదానికి పన్నెండు. బడివాళ్ళు ఇచ్చిన ఇంట్లో 1988 ఆఖరు దాకా ఉండనిస్తామన్నారు. ఈలోగా నాకు ఇక్కడ ఆశ్రయం దొరికితే ముగ్గురినీ తెచ్చుకోవచ్చు. దొరక్కపోతే వాళ్ళక్కడ, నేనిక్కడ. సంగతి అంతే.

నాకు ఇల్లిచ్చినవారు జోసఫ్‌గారు. బాపట్ల మనిషి. ఒకసారి మా బడికి వచ్చిన గుంటూరు పాస్టరుగారి ద్వారా ఆయన అడ్రసు తెలిసింది. మా దీవిలో చర్చి పెద్దలు సైనికుల పక్షాన నిలబడి, ఆదివారం బస్సులు కూడా తిరగకుండా ఆపించారు. ఆ కడుపుమంటతో వచ్చిన నన్ను జోసఫ్‌గారూ ఆయన భార్య దీనమ్మగారూ తమ టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో పెట్టుకున్నారు. ఏ దేవుడంటావని ఒక్కరోజూ అడగలేదు. ఒక మోటెల్ లాండ్రీలో పని చూసిపెట్టిందీ ఆయనే. తమ చర్చి ద్వారా మిస్ కెల్లర్ అనే లాయరును కుదిర్చిందీ ఆయనే. ఇంత చేసిన మనిషిని నేను ఎలా గౌరవించానో ముందు ముందు వస్తుంది.

తెలుగువాళ్ళను చూడాలని నాకు ఆత్రంగా ఉండేది. జనవరిలో తెలుగు సంఘంవారి పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందు, ఉందంటే జోసఫ్‌గారు కార్‌లో దింపారు. సంఘం ప్రెసిడెంటు జగన్మోహన్‌గారు, పెద్ద ఇంజనీరు, పులిహోర ప్లేటు పట్టుకుని నన్ను పలకరించారు.

"ఫిజీయా? అది ఆఫ్రికాలో కదండీ?"

"పసిఫిక్‌లో అండి."

"ఓ, హవాయి సైడ్. మంచి వెకేషన్ స్పాట్. అయితే మీ నేటివ్ ప్లేస్ ఏదండీ?"

"బా."

"అది కాదండీ, అసలు నేటివ్."

"అసలుదీ అదేనండి."

"సరే, ఇంటి పేరు?"

"అప్పలస్వామి."

"అది ఇంటి పేరు కాదుగా," అన్నారు పక్కనున్నావిడ, నేనేదో దాచిపెడుతున్నట్టు. వాళ్ళు తెలుసుకోవాలనుకున్నదేమిటో నాకు తెలుసు. మావాళ్ళు ఓడలో ఒకే కుండలోది తిన్నారు. ఆ ప్రశ్నకు జవాబు సముద్రంలోనే పోయింది. అది చెబితే ఆవిడ పులిహోర కింద పెట్టేసేది.

సైనికుల మీద ఒక తీర్మానం చేసి అమెరికా కాంగ్రెస్‌కు పంపించమని బతిమాలాను. జగన్మోహన్‌గారు నా భుజం తట్టారు.

"మన అసోసియేషన్ నాన్-పొలిటికల్ అండీ. ఉగాదికి మీరు స్టేజి మీద ఓ ఐదు నిమిషాలు ఫిజీలో తెలుగు కల్చర్ గురించి చెప్పండి. పిల్లల డాన్స్ ఐటమ్స్ అయ్యాక స్లాట్ ఇస్తాం."

అప్పుడు వచ్చారు కృష్ణమూర్తిగారు. డెబ్బై దగ్గర పడిన మనిషి, సఫారీ సూటు, నుదుట సన్నని బొట్టు. హైదరాబాదులో డిప్యూటీ కలెక్టరుగా రిటైరై 1983లో కూతురు రేణు దగ్గరికి వచ్చేశారు. నేను మాట్లాడిన నాలుగు ముక్కలూ విని ఆయన కళ్ళు తడిసిపోయాయి.

"ఎనభై ఏళ్ళు సముద్రానికి అవతల ఉండి ఇంత చక్కటి తెలుగా," అని నన్ను గట్టిగా కౌగలించుకున్నారు. "మాస్టారూ, మీరు మావారండీ. ఎవరేమన్నా మావారే."

ఆ మాటకు నేను పొంగిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడ్చాను. పుట్టిన దేశం నువ్వు మావాడివి కావంది. అక్కడి నుంచి పారిపోయి వస్తే ఈ కెఫెటేరియా ఊరడిగింది, పేరడిగింది. ఏమీ అడగకుండా మావాడివన్న మనిషి ఈయనొక్కడే. ఆ తర్వాత ప్రతి ఆదివారం రేణుగారింట్లో నాకు భోజనం. ఆయన పద్యాలు పాడేవారు, నేను వినేవాణ్ణి. చోడవరం తాలూకాలో పని చేసినప్పటి కథలు చెప్పేవారు. మా తాతది ఏ పల్లె అయ్యుంటుందో ఊహించి, ఒక ఆదివారం నాలుగు పేర్లు రాసిచ్చారు. అందులో ఒకటి నాకు బాగా నచ్చి, మాది అదేనని అనుకోవడం మొదలుపెట్టాను.

మార్చిలో మిస్ కెల్లర్ చెప్పింది, ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళ నుంచి రెండు మూడు లెటర్లు తెమ్మని. ఎలాంటి మనిషినో, ఎలా బతుకుతున్నానో రాస్తే చాలంది. జోసఫ్‌గారు ఆ రోజే తన చేత్తో రాసిచ్చారు. ఐదే వాక్యాలు. ఈయన జనవరి తొమ్మిదిన మా ఇంటికి వచ్చాడు. మా బేస్‌మెంట్‌లో ఉంటున్నాడు. ప్రతి పనిదినం లాండ్రీకి వెళతాడు. తన కంచం తనే కడుక్కుంటాడు. భార్యాపిల్లల ఫోటో ముందు కూర్చుని ఉత్తరాలు రాస్తాడు. చదివేసరికి నా మొహం వాలిపోయింది. కంచం కడుక్కుంటాడని జడ్జికి రాస్తారా ఎవరైనా. పంతొమ్మిదేళ్ళ సర్వీసున్న మాస్టరుని నేను.

కృష్ణమూర్తిగారిని అడిగితే ఆయన మురిసిపోయారు.

"సర్టిఫికెట్టా? సర్వీసులో ఎన్ని వేలు ఇచ్చానో మాస్టారూ. నా సంతకంతో ఉద్యోగాలొచ్చినవాళ్ళు ఇవాళ సెక్రటేరియట్‌లో ఉన్నారు."

రేణుగారు డైనింగ్ టేబుల్ మీద ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ పెట్టారు. ఆయన వెనక్కి చేతులు కట్టుకుని అటూ ఇటూ నడుస్తూ ఇంగ్లీషులో చెప్పుకుపోయారు. శ్రీ గోపాల్ అప్పలస్వామి గౌరవనీయమైన తెలుగు కుటుంబానికి చెందినవారు. వారిని, వారి కుటుంబాన్ని గత పదేళ్ళుగా నేను స్వయంగా ఎరుగుదును. వారి నడవడి మచ్చలేనిది. ఆరు కోట్ల ఆంధ్రులు వారిని తమ బిడ్డగా భావిస్తారు. వారి పూర్వీకుల గడ్డ వారి కోసం సదా తలుపులు తెరిచి ఉంటుంది.

రేణుగారి వేళ్ళు మధ్యలో ఆగాయి.

"నాన్నా, టెన్ ఇయర్స్ ఏంటి? మనం మాస్టారిని జనవరిలోనేగా మీట్ అయింది."

"అది ఫార్మాటమ్మా. ఏ కాండక్ట్ సర్టిఫికెట్ అయినా అలాగే ఉంటుంది. మూడు నెలలుగా ఎరుగుదునంటే ఎవడు లక్ష్యపెడతాడు?"

"బట్ ఇట్స్ నాట్ ట్రూ కదా."

"ట్రూనా కాదా అని కాదే. అది రాయడం పద్ధతి. ఏం మాస్టారూ?"

ఇద్దరూ నావైపు చూశారు. నేను లెక్కల మాస్టరును. ఎనభై ఎనిమిదిలోంచి పది తీసేస్తే డెబ్బై ఎనిమిది. ఆ ఏడాది ఈయన హైదరాబాదులో, నేను బాలో. నాకిది తెలియక కాదు. కానీ మా హెడ్మాస్టరు కూడా ముఖం చూడని పిల్లలకి అలాగే రాసిచ్చేవాడు, ఎవరూ ఏమీ అనేవారు కాదు. అదొక్కటే కాదు. గౌరవనీయమైన కుటుంబమని మమ్మల్ని అంతకుముందు ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు. మా తాత కాగితంలో కూలీ అని ఉంది. నా కాగితంలో ఇండియన్ అని ఉంది. ఈ కాగితంలో మాకొక గడ్డ ఉంది, తలుపులున్నాయి. దాన్ని ఎలా దిద్దమంటాను?

"పెద్దవారు, మీకు తెలీదాండి," అన్నాను.

రేణుగారు భుజాలెగరేసి టైపు చేశారు.

ఆ కాగితం మిస్ కెల్లర్ చేతికిచ్చేసరికి దాఖలుకు ఆఖరు రోజు. ఆమెకు నాలాంటివాళ్ళు నలభై మంది. ఈయన నీకు బాగా తెలుసా అని అడిగింది. మా పెద్దాయన అన్నాను. జోసఫ్‌గారి ఐదు వాక్యాలూ నా పెట్టెలోనే ఉండిపోయాయి. ఇచ్చావా బ్రదర్ అని ఆయన అడిగితే ఇచ్చానని చెప్పాను.

నా ఆశ్రయం దరఖాస్తు మీద విచారణ సెప్టెంబరు మొదటి వారంలో జరిగింది. చిన్న గది, జడ్జి, ప్రభుత్వం తరఫున ఒక కుర్ర లాయరు. మురుగు గుంట గురించి చెప్పినప్పుడు జడ్జి రాసుకున్నాడు. మంచి మనిషిలాగే కనిపించాడు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు కుర్ర లాయరు కృష్ణమూర్తిగారి కాగితం తీశాడు.

"1978లో ఈ పెద్దమనిషి ఎక్కడుండేవారు?"

"హైదరాబాదులో."

"ఆయన ఎప్పుడైనా ఫిజీ వచ్చారా?"

"లేదు."

"1983కి ముందు అమెరికాలో ఉన్నారా?"

"లేదు."

"మరి ఆ ఐదేళ్ళూ మిమ్మల్నీ మీ కుటుంబాన్నీ ఆయన స్వయంగా ఎక్కడ ఎరుగుదురు?"

మిస్ కెల్లర్ తన ముందున్న నకలు అప్పుడే పూర్తిగా చదువుతోంది. ఆమె చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది.

"అది ఒక ఫార్మాట్ అండి," అన్నాను.

"ఫార్మాట్?"

"మావాళ్ళు అలా రాస్తారు."

"తలుపులు తెరిచి ఉంటాయన్నది కూడా ఫార్మాటేనా, లేక అది నిజమా?"

ఏం చెప్పినా చిక్కే. నిజమంటే నాకు వెళ్ళడానికి ఇండియా ఉంది. అబద్ధమంటే అబద్ధపు కాగితం దాఖలు చేసినవాణ్ణి. జడ్జి కళ్ళజోడు తీసి, మీరు ఎప్పుడైనా ఇండియాలో నివసించారా అని మెత్తగా అడిగాడు. లేదన్నాను. మీ సమాజం పెద్ద ఒకరు వేరేలా రాశారు కదా అన్నాడు. మూడు వారాలు గడువిచ్చాడు. ఆయన్ను తీసుకొచ్చి ప్రమాణం మీద ఆ వాక్యం సంగతి చెప్పించండి, లేకపోతే ఆ పదేళ్ళూ మీరు ఫిజీలో ఉన్నట్టు మీ బడి నుంచి రుజువు తెప్పించండి అన్నాడు.

బడి నుంచి రుజువు రాలేదు. రాధారాణి వెళ్ళి అడిగితే హెడ్మాస్టరు తలుపు దగ్గరే నిలబెట్టి, నా పేరుతో ఏ కాగితం బయటికి వెళ్ళినా తన ఉద్యోగం ఉండదని చేతులు జోడించాడట. ఆయన్ను తప్పుపట్టను. ఆ మురుగు గుంటలో ఇంకా చాలామందికి చోటుంది.

మిగిలింది కృష్ణమూర్తిగారు. ఆదివారం కాకపోయినా వెళ్ళాను. ఆయన సోఫాలో కూర్చుని అమెరికా రాజ్యాంగం మీద ప్రశ్నలూ జవాబులూ ఉన్న చిన్న పుస్తకం వల్లిస్తున్నారు. అక్టోబరు పదకొండున ఆయన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. అంతా విని పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఒక్క మాటండి," అన్నాను. "ఎరిగింది మూడు నెలలే, అలవాటు కొద్దీ పదేళ్ళని రాశానని చెబితే చాలు. మిస్ కెల్లర్ పక్కనే ఉంటుంది."

"ప్రమాణం చేసి, నేను అబద్ధం రాశానని చెప్పమంటారా?"

"అబద్ధమని కాదండి, పొరపాటని."

"ఆ జడ్జికి రెండూ ఒకటే మాస్టారూ. పదకొండో తారీఖున నన్నూ అదే అడుగుతారు. నువ్వెప్పుడైనా గవర్నమెంటుకి ఫాల్స్ స్టేట్‌మెంట్ ఇచ్చావా అని. నేనేమనాలి? ఐదేళ్ళు కాచుకు కూర్చున్నాను. నేను సిటిజన్‌నైతేగాని మా అబ్బాయి భాస్కర్‌కి ఇక్కడికొచ్చే దారి లేదు. వాడికీ ఇద్దరు పిల్లలు."

"మరి నా పిల్లలో?"

వంటింటి గుమ్మంలోంచి రేణుగారు ముందుకొచ్చారు.

"నాన్నా, టైప్ చేసింది నేను. అప్పుడే చెప్పాను. నువ్వెళ్ళి చెప్పాలి. అన్నయ్య వెయిట్ చేస్తాడు, నథింగ్ విల్ హ్యాపెన్ టు హిమ్. వీళ్ళకి టైం లేదు."

"నువ్వు ఊరుకో."

"దిస్ ఈజ్ సో రాంగ్."

"ఊరుకోమన్నానా," అన్నారాయన. గొంతు పెంచలేదు. డిప్యూటీ కలెక్టరుగా అలా ఎంతమందిని ఊరుకోబెట్టారో. తర్వాత నావైపు తిరిగి, నా మోకాలి మీద చెయ్యి వేశారు. ఆ చేతిలో నిజంగానే ప్రేమ ఉంది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"మాస్టారూ, నా మాట వినండి. అసలు ఇండియా వెళితే మాత్రం తప్పేముంది? మనదే కదా. విశాఖపట్నం కలెక్టరాఫీసులో నావాళ్ళున్నారు. ఒక లెటర్ రాసిస్తాను. మీలాంటి తెలుగు మాస్టారుకి అక్కడ పని దొరకదా?"

నా ఒళ్ళు మండిపోయింది.

"కృష్ణమూర్తిగారూ, అక్కడ సైనికుడు నన్ను గుంటలో నిలబెట్టి అడిగిందీ ఇదేనండి. ఇండియాకి ఎప్పుడు పోతావని. వాడు తుపాకీ పట్టుకుని అడిగాడు. మీరు అన్నం పెట్టి అడుగుతున్నారు. నాకు అక్కడ ఊరు లేదు, మనిషి లేడు, పాస్‌పోర్టు లేదు. మీరు రాసిచ్చిన నాలుగు పల్లెల్లో నేను ఏ తలుపు తట్టాలి?"

"అంత మాటనకండి. మిమ్మల్ని సొంతవాడిగా చూసుకున్నాను."

"అదేనండి నా కొంప ముంచింది."

రేణుగారు నన్ను కార్‌లో జోసఫ్‌గారింటి దగ్గర దింపారు. దారంతా ఏడుస్తూ డ్రైవ్ చేశారు. తను వచ్చి చెబుతానన్నారు. వచ్చారు కూడా. రెండో విచారణ రోజున సెలవు పెట్టుకుని వచ్చి, ఆ వాక్యం తన తండ్రి అలవాటని జడ్జికి చెప్పారు. సంతకం మీది కాదు కదా అన్నాడు కుర్ర లాయరు. సంతకం పెట్టినాయన ఎందుకు రాలేదని జడ్జి అడిగాడు. రేణుగారు తండ్రికి ఒంట్లో బాగాలేదన్నారు. ఆయన ఆ రోజు లైబ్రరీలో సిటిజన్‌షిప్ క్లాసులో ఉన్నారని నాకూ ఆమెకూ తెలుసు.

ఆ రోజు జోసఫ్‌గారు కూడా వచ్చారు. తన లెటర్ గురించి జడ్జి ఏమైనా అన్నాడా అని బయట బెంచీ మీద మిస్ కెల్లర్‌ని అడిగారు. ఏ లెటర్ అందామె. ఆయన నావైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఇంటికి వెళుతూ దారిలో ఆకలేస్తోందా బ్రదర్ అని మాత్రం అడిగారు.

తీర్పు కాగితం పది రోజుల్లో వచ్చింది. దరఖాస్తుదారు దాఖలు చేసిన పత్రమే విశ్వసనీయంగా లేదు కనుక ఆయన మిగతా సాక్ష్యాన్ని కూడా పూర్తిగా నమ్మలేకపోతున్నానని జడ్జి రాశాడు. పైగా ఆయన సొంత సమాజమే ఆయనకు ఇండియాలో చోటుందని చెబుతోందన్నాడు. అప్పీలు వేయవచ్చంది మిస్ కెల్లర్. రెండేళ్ళు పట్టవచ్చు, మూడు కావచ్చు. అంతవరకు నన్ను పంపించరు. అలాగని ముగ్గురినీ తెచ్చుకోనివ్వరు. జోసఫ్‌గారి లెటర్ ఉంటే నా మాటకు కాస్త బలం ఉండేదని ఆమె నెమ్మదిగా అంది. ఇందులో ఎవరినీ తిట్టడానికి నాకు నోరు లేకుండా పోయింది.

అక్టోబరు పదకొండున కృష్ణమూర్తిగారు ఇంటర్వ్యూ పాసయ్యారు. సంఘంవాళ్ళు అభినందన సభ పెడుతున్నారని, ఆయన రాసింది ఉత్త ఫార్మాటని కోర్టులో అన్నవాడు రాకపోతే మంచిదని జగన్మోహన్‌గారు ఫోన్ చేసి చెప్పారు. వస్తానని నేనెప్పుడూ అనలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం బాకి ఫోన్ చేశాను. అక్కడ శుక్రవారం పొద్దున్న. బజారులో బట్టలకొట్టువాళ్ళింట్లో ఫోనుంది, నెలకు రెండుసార్లు చెప్పిన వేళకి రాధారాణి పిల్లల్ని తీసుకుని వచ్చి కూర్చుంటుంది. జోసఫ్‌గారు, దీనమ్మగారు పైకి వెళ్ళిపోయి తలుపు వేసుకున్నారు.

"ఏటన్నారు?" అంది.

"ఇవ్వలేదు."

"ఎందుకంట?"

"మనకి ఇండియా ఉందట. అక్కడికి పొమ్మన్నారు."



"ఆ మాట ఇక్కడే అన్నారు గదా," అంది. "అది వినడానికి అంత దూరం ఎల్లాలా?"

కాగితం సంగతి చెప్పాను. పదేళ్ళ సంగతీ, పెద్దాయన రానన్న సంగతీ, ఇంకో రెండు మూడేళ్ళు పడుతుందన్న సంగతీ చెప్పాను. జోసఫ్‌గారి లెటర్ సంగతి చెప్పలేకపోయాను. ఆమె అన్నీ విని, నేను ఎవరూ అడగరని ఆశపడినదాన్నే అడిగింది.

"ఆ కాయితం మీరు సదవలేదా?"

"చదివాను."

"సదివే ఇచ్చారా?"

"చదివే ఇచ్చాను రాణీ. మనది గౌరవనీయమైన కుటుంబమని రాశాడు."

"శాంతికిస్తున్నాను," అని ఫోను పిల్ల చేతిలో పెట్టింది.

శాంతి అంతా విన్నట్టే ఉంది. అయినా ఏమీ విననట్టు, వచ్చే ఏడాదికి ఇక్కడి బడిలోనే పేరు రాయించుకోనా నాన్నా, ఇవాళే ఆఖరు రోజు అంది.

రాయించుకోమన్నాను.